బామ్మర్దికి అప్పగించిన నా నిద్ర

ఊళ్లోవాళ్ల తెలివితక్కువ పనులను వార్తలుగా రాసి బతికినవాణ్ణి. నేను చేసింది మాత్రం ఏ ఎడిషన్‌లోనూ రాలేదు. వచ్చి ఉంటే శంషాబాద్‌లో తలెత్తుకుని తిరిగేవాణ్ణి కాదు. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన కథ ఇది. నవ్వొస్తే మొహమాటపడకండి.

నా ఉబ్బసం ఎవరి మాటా వినదు. రకరకాల పంపులు పీల్చాను. మాత్రలు మింగి మొహం పూరీలా ఉబ్బింది, ఆయాసం మాత్రం తగ్గలేదు. కాటేదాన్ ఫ్యాక్టరీల పొగను తిట్టాను, విమానాలను తిట్టాను, చివరికి మా ఆవిడ అనసూయ వేసే పోపునూ తిట్టాను. ఆమె ఊరుకుంటుందా? డాక్టరమ్మ ముందే అందుకుంది.

"పోపు గాదు, నీ గురక సంగతి జూడు. గురక పెట్టుకుంట పెట్టుకుంట గప్పున ఊపిరి ఆగుతది. నేను లేచి కుదిపితేనే మల్ల వస్తది. ఎన్నేండ్లాయె నేను కంటినిండ పండక!"

డాక్టరమ్మ ఆ మాట విని పెన్ను కింద పెట్టింది. "ఇది స్లీప్ ఆప్నియా కావచ్చండీ. నిద్రలో ఊపిరి ఆగుతుంటే ఉబ్బసం మందులకు సరిగా లొంగదు. ఈ పెట్టె ఛాతీకి కట్టుకుని, గొట్టం ముక్కుకు పెట్టుకుని ఒక రాత్రి ఇంట్లో పడుకోండి. జబ్బు ఉందని తేలితే రోజూ మాస్కుతో పడుకోవాలి."

మాస్కు! గోడమీది బొమ్మలో ఒకాయన తొండం మొలిచిన ముఖంతో హాయిగా పడుకుని ఉన్నాడు. ఆ అవతారం నాకొద్దు. తప్పించుకునే మార్గం వెతికితే మా బామ్మర్ది యాదగిరి దొరికాడు.

యాదగిరి పాల్మాకులలో ఒంటరిగా ఉంటాడు, ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. అంత అదృష్టవంతుణ్ణి నేను చూడలేదు. చేతిలో టీ గ్లాసు ఉండగానే కునుకేస్తాడు, అన్నం కలుపుతూ కూడా కునుకేస్తాడు. పార్కింగ్‌లో పడుకుంటే నెత్తిమీద విమానాలు పోతున్నా కదలడు. ఆ హోరులో అతని ముక్కు ఏమంటోందో ఎవరికి వినబడుతుంది? నిద్రలో ఇంత ఆరితేరినవాడు నా తరఫున పడుకుంటే మచ్చలేని రిపోర్టు ఖాయమనుకున్నాను. అనసూయ చెల్లెలింటికి పోయిన రోజు చూసి పెట్టె అతని చేతిలో పెట్టాను.

"ఏంది బావా, నీ పరీక్ష నేను రాయాల్నా?"

"రాసేదేముందిరా, పండుకుంటే చాలు. నీకొచ్చిన పనే కద!"

"అక్కకు తెలిస్తే?"

"తెల్వదు. జర నా ఇజ్జత్ కాపాడు."

రిపోర్టు వచ్చిన రోజు నన్నూ అనసూయనూ దవాఖానకు యాదగిరే తన కారులో తీసుకొచ్చాడు. అతను బయటే ఉన్నాడు. డాక్టరమ్మ కాగితాలు చూసి కళ్లద్దాలు తీసింది.

"చాలా తీవ్రంగా ఉందండీ. పగలు ఎక్కడపడితే అక్కడ కునుకు పడుతోందా?"

నాకు ఎవరి ముఖం గుర్తొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు.

"కారు మాత్రం నడపకండి. స్టీరింగ్ దగ్గర కన్ను మూతపడితే మీరూ పోతారు, ఎదురొచ్చినవాళ్లూ పోతారు."

"ఈయనకు సైకిల్ గూడ రాదమ్మా," అంది అనసూయ ధీమాగా.

కిటికీలోంచి చూశాను. బెంగళూరు హైవే మీద లారీలు దూసుకుపోతున్నాయి. పక్కనే మేమొచ్చిన కారు. ఇంజన్ ఆన్‌లో ఉంది. స్టీరింగ్ మీద తల వాల్చి, నోరు తెరుచుకుని, మమ్మల్ని ఇంటికి చేర్చడానికి సిద్ధంగా ఉన్నాడు యాదగిరి. ఎన్నో వార్తలు తొక్కిపెట్టిన చేతులు నావి. ఈ వార్తను తొక్కిపెడితే రేపు హైవే మీద అదే మొదటి పేజీకి ఎక్కుతుంది.

"అమ్మా, ఆ నిద్ర నాది కాదు," అన్నాను. "అదిగో, ఆ కారులో ఉన్నవాడిది."

అనసూయ చూసిన చూపుకు ఉన్న ఊపిరీ పోయింది. ఆమె పరుగెత్తుకెళ్లి కారు తలుపు తీసింది.

"దిగు తమ్మీ! తాళంచెవి ఇటియ్యి!"

యాదగిరి కళ్లు నులుముకున్నాడు. "ఏమాయె బావా, పాసయినవా?"

"నువ్వయినవ్‌రా. ఫస్ట్ ర్యాంకు నీదే."

మర్నాడే అనసూయ పెట్టెను తన చేత్తో నాకు కట్టింది. నా ర్యాంకూ తక్కువేం కాదు. ఇప్పుడు బావా బామ్మర్దులం ఇద్దరం తొండాలవాళ్లమే. డాక్టరమ్మ సరేననేదాకా యాదగిరికి స్టీరింగ్ లేదు. నా ఉబ్బసం పోలేదు గాని, కాస్త మాట వింటోంది. అనసూయ మాత్రం ఇంకా రాత్రిళ్లు లేచి నా ఛాతీ మీద చెయ్యి పెడుతుంది. ఏందని అడిగితే, "గురక సప్పుడు లేకుంటే ఉన్నవో పోయినవో ఎట్ల తెలుస్తది?" అంటుంది.

కనుక పాఠకుల సాక్షిగా, మాస్కు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: నాకు రావలసిన సన్మానాలు, తిట్లు ఎవరికైనా అప్పగిస్తాను గాని, నా నిద్ర మాత్రం ఇకమీదట నేనే పోతాను.