ఇంకో టేబుల్ కావాలె

ఆ రోజుల్లో మౌస్ అంటే నాకు బోర్డు మీది బొమ్మే. నెక్కొండ దగ్గరి మా ఊరి బడిలో కంప్యూటర్లు లేకపోలేదు; గుడ్డ కప్పుకుని, తాళం వేసిన గదిలో భద్రంగా ఉండేవి. (చెప్పే సారు బదిలీ అయ్యాక వాటి మొహం చూసింది బడి ఊడ్చే అవ్వ ఒక్కతే.) మౌస్ బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే మాత్రం నాకెప్పుడూ పూర్తి మార్కులే. ఇంటర్ అయ్యేదాకా అసలు మౌస్ నా చేతికి తగల్లేదు.

అలాంటిది, ఇంజనీరింగ్ ఎంట్రన్స్ మొత్తం కంప్యూటర్ మీదే రాయాలన్నారు. వరంగల్‌లోని సెంటర్‌కి మా మేనమామ తోడొచ్చాడు. ట్రాక్టర్ నడుపుతాడాయన. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను ట్రాక్టర్ నేర్చుకున్నది గూడ ఎక్కినంకనే" అని దారి పొడవునా ధైర్యం చెప్పాడు. గేటు దగ్గర హన్మకొండ పిల్లలు మాక్ టెస్టుల గురించి మాట్లాడుకుంటున్నారు. అవేమిటని ఒకమ్మాయిని అడిగితే, కోచింగ్‌లో వారం వారం కంప్యూటర్ మీద రాయిస్తారని చెప్పి, మీ దగ్గర రాయించలేదా అని జాలిగా చూసింది.

పరీక్ష మొదలైంది. మౌస్ జరిపితే తెర మీద బాణం జరిగింది. సంబరపడ్డాను. మొదటి లెక్కకు జవాబు కూడా దొరికింది. బాణాన్ని దాని దగ్గరికి తీసుకుపోతుంటే మౌస్ టేబుల్ అంచుకొచ్చేసింది, బాణమేమో సగం దారిలోనే ఆగిపోయింది. మౌస్ ఎత్తి మళ్లీ పెట్టుకోవచ్చని నాకేం తెలుసు, బొమ్మలో ఆ సంగతి లేదు కదా. లేచి నిలబడ్డాను.

"సార్, టేబుల్ అయిపోయింది. ఇంకోటి కావాలె."

హాలంతా నవ్వింది. ఇన్విజిలేటర్ సారు ఒక్కడే నవ్వలేదు. మౌస్‌ను ఎత్తి టేబుల్ మధ్యలో పెట్టి, "గింతేనమ్మా, ఇట్ల లేపి మల్ల పెట్టుకో" అన్నాడు మెల్లగా. మౌస్ నాకు మచ్చిక కావడానికి చాలాసేపు పట్టింది; సగం పేపరు మిగిలుండగానే టైమైపోయింది.

బయటికి రాగానే మామయ్య పేపర్ ఎట్లుందని అడిగాడు. టేబుల్ చిన్నగుందన్నాను. ఆయన నేరుగా వాచ్‌మన్ దగ్గరికి పోయి, "ఊరోళ్లమని మా పిల్లకు చిన్న టేబుల్ ఏసిన్రా?" అని నిలదీశాడు. అందరికీ ఒకటే సైజని అతనెంత చెప్పినా వినలేదు. (ఆయన అడిగినదాంట్లో న్యాయముందని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.)

ర్యాంకు ఎక్కడో అడుగున వచ్చింది. చివరి విడతలో ఓ చిన్న కాలేజీలో సీటు దొరికింది. ఇప్పుడు మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. మీటింగుల్లో అర్థంకాని మాట వస్తే అందరితో పాటు నేనూ గంభీరంగా తలూపుతాను. అప్పుడే, అంతమందిలో లేచి తనకేం కావాలో అడిగేసిన ఆ పిల్ల గుర్తొస్తుంది. పక్కన ఉంటే బాగుండేది. నా బదులు అడిగేది.