దళారి ఇంటి చింతపండు

మొన్నొక పొద్దున్న పెరటి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీసుకుంటుంటే విశాఖపట్నం నుంచి మనవరాలు ఫోను చేసింది. వాయిదా బేరాలు చేయించే కంపెనీ ఏదో ఉందట, అందులో ఈమధ్యనే చేరింది. జనం పత్తీ పసుపూ కంటితో చూడకుండానే రాబోయే నెలలకి ధర మాట్లాడుకుంటారట, వీళ్ళు మధ్యన ఉండి ఆ మాటలు కలుపుతారట. ఇంట్లో ఎవరైనా అలాంటి బేరాల్లో ఉంటే ముందుగా చెప్పాలని కంపెనీ వాళ్ళు అడుగుతున్నారని, తమ్ముడేమో ఫోనులో పసుపు వాయిదా కొన్నాడని చెప్పి, "వాడి పేరు చెప్తే వాడిచేత అమ్మించేస్తారు మామ్మా, చెప్పకపోతే మాత్రం ఎవరికి తెలుస్తుంది?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళ తరువాత కూడా, పట్టపగలు, నా సొంత ఇంట్లో కూర్చుని పెరటి తలుపు వైపు చూశాను, ఎవరైనా వచ్చి దగ్గుతారేమోనని. తరువాత చెబుతానమ్మా అని ఫోను పెట్టేశాను.

మా వారు ఒడిశాలోని రాయగడ మండీలో, అంటే టోకు సరుకుల బజారులో, దళారి. నేను కాపురానికి వచ్చింది అరవైల్లో, ఇప్పుడు చెప్పబోయేది ఆ తరువాత కొన్నేళ్ళకు జరిగింది. కొండల మీది చింతపండంతా చలికాలం పోయాక మండీకి దిగేది. అది దిగక ముందే, కాయ ఇంకా చెట్టున ఉండగానే, పల్లపు ఊళ్ళ షావుకార్లు వచ్చి చైత్రం ఆఖరికి సరుకు ఇచ్చేటట్టు రైతులతో ధర మాట్లాడుకునేవారు. దాన్నే వాయిదా అనేవాళ్ళం. ఆ మాట నడిపేది దళారి భుజం మీది తుండు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఆ తుండు కింద పెట్టించి, వేళ్ళు పట్టి ధర కుదిర్చేవారు. మీలో ఆ కాలపు మండీలు ఎరిగిన వాళ్ళుంటే, ఆ తుండుకి ఎంత విలువో నేను చెప్పక్కర్లేదు. దాంతో చెమట తుడుచుకోకూడదు, పసివాడి ముక్కు తుడవకూడదు, నేను ఉతికి వేరే తీగ మీద ఆరేసేదాన్ని.

తుండు తీసిన వెంటనే దళారి కుదిరిన ధర గట్టిగా పైకి చెప్పాలి, గుమస్తా రాయాలి. ముందు వచ్చిన మాట ముందు, వెనక వచ్చిన మాట వెనక. గుమస్తా ఒడియా ముసలాయన, కళ్ళజోడుకి దారం కట్టుకుని ఉండేవాడు. తప్పు రాస్తే గీకడానికి వీల్లేదు, కింద మాట కనబడేటట్టు ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి. గడియారాన్ని నమ్మేవాడు కాదు. పొద్దుటి పాసింజరుకి ముందు వచ్చిన మాట, పాసింజరు వెళ్ళాక వచ్చిన మాట, గూడ్సు బండి ఆగినప్పటి మాట, అలా రైళ్ళను బట్టి రాసుకునేవాడు. నేను చదివింది మూడో తరగతి, అదీ తెలుగులో. ఒడియా అక్షరాలు నాకు గుండ్రంగా పేర్చిన జంతికల్లా కనబడేవి. కానీ ఆయన కలం కదిలితే ఊరు ఊరంతా నమ్మేదని తెలుసు.

ఇంకొక కట్టుబాటు ఉంది. అదే నా ప్రాణం మీదికి వచ్చింది. దళారి ఏ సరుకుకి మాట నడుపుతున్నాడో ఆ సరుకు, వాయిదా తీరేదాకా అతని కప్పు కింద ఉండకూడదు. తనదీ ఉండకూడదు, చుట్టాలదీ ఉండకూడదు. కూరకి కావలసినంత జాడీలో ఉంటే చాలు. అనుమానం వస్తే ఎవరైనా మండీలో చెప్పి ఇల్లుచూపు అడగవచ్చు. అప్పుడు అమ్మేవాళ్ళ తరఫున ఒకరు, కొనేవాళ్ళ తరఫున ఒకరు పెరటి తలుపు దగ్గరికి వచ్చి దగ్గుతారు, మనం పక్కకి తప్పుకోవాలి, వాళ్ళు అటక ఎక్కి, మంచం కింద వంగి, ఆఖరికి జాడీలో చెయ్యి పెట్టి మరీ చూస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో పరాయి మగవాడు నా చింతపండు జాడీలో చెయ్యి పెట్టడం చూసి ఏడ్చేశాను. మా అత్తగారు నవ్వి, "ఏడుస్తావేటే? జాడీలో సెయ్యెట్టినంత కాలం మన తుండు మనదే. సూడ్డం మానీసిన్నాడు ఏడువు" అన్నారు. పొదుపు ఎరిగిన ఇల్లాలు ఏడాది చింతపండు చవకగా ఉన్నప్పుడే కొని ఉప్పు కలిపి దాచుకుంటుంది. చింతపండు మండీ దళారి పెళ్ళాన్నయిన నేను మాత్రం పిడికెడు పిడికెడు కొనుక్కునేదాన్ని, ఒళ్ళు మండిపోయేది.

ఈ కట్టుబాటు తప్పిన దళారి తుండు మండీ స్తంభానికున్న మేకుకి తగిలించేవారు. ఒకాయనది అలా వేలాడుతూ ఉండేది, రంగు వెలిసిపోయి, సాలెగూళ్ళు పట్టి. అతను స్టేషను దగ్గర బళ్ళకి సామాన్లు ఎత్తేవాడు. అతని పెళ్ళాం కుళాయి దగ్గరికి అందరి వంతూ అయ్యాక వచ్చేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు, అదే భయంగా ఉండేది.

ఆ ఏడాది ఫాల్గుణంలో అకాల వర్షం పట్టుకుంది. మా వారు కోరాపుట్ వైపు వెళ్ళారు. రామనగుడలో సేద్యం చేసుకునే మా అన్నయ్య బస్సు టాపు మీద చింతపండు బస్తాలు వేసుకుని దిగాడు. వాయిదాకి ఒప్పుకోకుండా, ధర పెరిగాక అమ్ముకుందామని దాచుకున్న సరుకు అది. బావకి ధర ఏనాడు పెరుగుతుందో తెలుస్తుంది కదా అని ఆశ. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి వద్దంటే వద్దన్నాను. "ఓలమ్మ, పుట్టింటి సరుకు నీకు సేదైపోనాదేటే అమ్మీ? వోన తగ్గీదాకా ఒగ్గెయ్, వొచ్చి అట్టుకుపోతాను" అంటూ రిక్షావాడి చేత అరుగు మీద దింపించేసి, తిరుగు బస్సు వెళ్ళిపోతుందని పరిగెత్తాడు. అన్నయ్య ఎప్పుడూ అంతే, మాట పూర్తయ్యేలోపు వీధి మలుపు తిరిగిపోతాడు. అరుగు మీద వాన జల్లు కొడుతోంది. తిండి సరుకు తడుస్తుంటే చూడలేక మా అత్తగారు బస్తాలు లోపలికి ఈడ్పించారు.

వాన తగ్గలేదు. ఆరబెట్టిన చింతపండంతా ఊళ్ళలో బూజు పట్టిందని కబురు, ధర పైకి లేచింది. తక్కువకి మాట ఇచ్చిన రైతులు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు మా ఇంట్లో బస్తాలు. మా వారు ఆఖరి బస్సుకి తిరిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి వాసన పట్టారు. ఎండు చింతపండు వాసన దాగేది కాదు. ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. ఎవరివని కూడా అడగలేదు, బస్తాల మీద మా అన్నయ్య వేసే ఎర్ర గుర్తు కనబడుతూనే ఉంది. అప్పటికే పెద్దవాన, బస్సులు ఆగిపోయాయి, తిరిగి పంపే దారి లేదు.

ఆ సాయంత్రమే పక్కింటావిడ వచ్చింది. ఆవిడ భర్త రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్ మాను, విజయనగరం వైపు వాళ్ళు. తడి కొంగు పిండుకుంటూ గొంతు తగ్గించి, "వదినా, రేప్పొద్దుట పాసింజర్లో రైతులొత్తన్నారట. మా ఆయన ఇన్నాడు. మీ ఇల్లుసూపు అడుగుతారట. రైతుల సేత తక్కువకి మాటిప్పించీసి, బావమరిది పేరు మీద దళారే కొని దాసేడని అనుకుంతన్నారు" అంది.

ఎవరైనా అలాగే అనుకుంటారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకుందును. మా వారు గోడకి చేరబడి కూర్చుండిపోయారు. చంకలో చంటిపిల్ల, పొయ్యి మీద అన్నం, కళ్ళ ముందు ఆ మేకు.

పక్కింటావిడ మంచిది. "మా బొగ్గుల గదిలో ఎట్టీండి వదినా, రైల్వే కోటర్లో ఎవులు సూత్తారు?" అంది. మా వారు తలెత్తారు. ఆయన కళ్ళలో ఆశ చూసి నాకు ఇంకా భయం వేసింది. ఆవిడ వెళ్ళాక అన్నాను, రేపు కుళాయి దగ్గర ఆవిడతో నాకు తగువు వస్తే ఏం చేస్తామని. బిందె ముందా వెనకా అని వారానికోసారి వచ్చే తగువే. ఇక జన్మంతా ఆవిడ బిందె ముందు పెట్టుకున్నా నేను నోరెత్తకూడదు కదా. మా అత్తగారు చీకటి మూల నుంచి, "ఒరే బావు, ఆలొచ్చి సూసినాక నువ్వేటి సెప్పినా అది దొంగ మాటే. ఆలు రాకముందే సెప్తే అది మాట" అన్నారు. అన్నం ఎవరు తిన్నామో, తినలేదో.

తెల్లవారుతుండగా ఆయన తుండు భుజాన వేసుకుని నిలబడ్డారు, గుమ్మం దాటలేదు. నేను చంటిపిల్లని అత్తగారికి ఇచ్చి, చెంగు నెత్తిన కప్పుకుని ముందు నడిచాను. ఆడవాళ్ళు మండీకి వెళ్ళే వాడుక లేదు. దారి పొడుగునా బురద, అంగళ్ళు ఇంకా తెరవలేదు, వెనక ఆయన అడుగుల చప్పుడు వినబడుతుందో లేదోనని చెవి అటే పెట్టి నడిచాను.

గుమస్తా అప్పుడే చాప దులిపి కూర్చుంటున్నాడు. మా వారు తుండు సర్దుకుంటూ నేల చూపులు చూస్తున్నారు. దూరంగా నాగావళి వంతెన వైపు నుంచి రైలు కూత వినబడింది. ఇక ఆగలేక నేనే అన్నాను, "మా అన్నయ్య సింతపండు మా ఇంట్లో ఉంది బావూ, రాయండి."

ఆయన కలం ఎత్తాడు కానీ కాగితం మీద పెట్టలేదు. కళ్ళజోడు మీంచి నన్ను చూసి, "బోహూ," అన్నాడు, కోడలిని ఒడియా వాళ్ళు అలాగే పిలుస్తారు, "నీ మాట రాస్తే చెల్లదు. తుండు ఎవరిదో నోరు వారిది." కోపంగా అనలేదు. వంగి, ఓపిగ్గా, కలం గాలిలో అలాగే పట్టుకుని ఉన్నాడు. రైలు కూత మళ్ళీ వినబడింది, ఈసారి దగ్గరగా. ఆ కలం మొన మీద సిరా బొట్టు ఊరుతూ ఉండటం చూస్తూ నేను పడ్డ భయం ఆ తరువాత పురిటి నొప్పుల్లో కూడా పడలేదు. నేను ఎప్పుడూ పరాయివాళ్ళ ముందు మా వారితో మాట్లాడి ఎరగను. ఆ రోజు గుమస్తా ముందరే ఆయన ముఖంలోకి చూసి, "సెప్పండీ" అని అరిచాను.

చెప్పారు. మెల్లగా మొదలుపెట్టి, బస్తాలు ఎవరివో, ఎప్పుడు వచ్చాయో, తాను ఎక్కడ ఉన్నారో అంతా పైకి చెప్పారు. గుమస్తా రాసి, ఆఖర్న తనే చదివి వినిపించాడు, పొద్దుటి పాసింజరు రాకముందు వచ్చిన మాట అని. సిరా ఆరకముందే రైలు ప్లాట్‌ఫారం మీద ఆగిన చప్పుడు అయింది.

రైతులు వచ్చారు, అరిచారు, మా ఇల్లు చూశారు. అందులో ఒకతను నా జాడీలో చెయ్యి పెట్టి, మసాలా పొట్లాలు కూడా విప్పి చూశాడు. మండీ పెద్దలు కూర్చుని తేల్చిందేమిటంటే, మాట ముందుగా వచ్చింది కాబట్టి తుండు తియ్యరు, కానీ దళారి కప్పు కింద ఉన్న సరుకు ఎవరిదైనా పెరిగిన ధరకి పోవడానికి వీల్లేదు. మిగతా రైతులతో పాటు పాత వాయిదా ధరకే పోవాలి. మా వారు తలూపారు. అన్నయ్యని అడగడానికి బస్సులు నడవడం లేదు.

వాన తగ్గాక అన్నయ్య ఖాళీ గది చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకోలేదు. "నీ మొగుడి తుండు కోసం నా పంట ఒగ్గీసినావా అమ్మీ" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అన్న మాట పూర్తి చేసి, నా ముఖం చూసి, అప్పుడు వెళ్ళాడు. మాట పూర్తి చేసి వెళ్ళడం అన్నయ్య జీవితంలో అదొక్కసారే.

మళ్ళీ నా గుమ్మం తొక్కలేదు. మా వారు పోయినప్పుడు వచ్చాడు, వీధిలో నిలబడి వెళ్ళాడు. మా పుట్టింటి చెట్టు చింతపండు మళ్ళీ నా ఇంటికి రాలేదు. అన్నయ్యా పోయాడు.

ఇప్పుడు ఆ మండీ లేదు, వేళ్ళ బేరాలు లేవు, పెరటి తలుపు దగ్గర దగ్గేవాళ్ళు లేరు. ఎవరి ఇంట్లో ఏముందో కంప్యూటర్లకి తెలుస్తుందంటారు. తెలిస్తే తెలియనీ, కానీ ఒక మనిషి వచ్చి జాడీలో చెయ్యి పెట్టి చూసి, ఏమీ లేదని నలుగురిలో చెప్పి వెళితే, ఆ పూట నిద్ర ఎలా పట్టేదో ఈ కాలం వాళ్ళకి తెలియదు. వాయిదా లేదు, దళారి లేరు, అయినా నేను ఇప్పటికీ చింతపండు పిడికెడు పిడికెడే కొంటాను. ఏడాదికి సరిపడా కొనుక్కోవచ్చు కదా అత్తయ్యా, ఇంత పొదుపు మనిషివి అంటుంది కోడలు. చెయ్యి రాదు.

ఆ ఫోను వచ్చిన రోజు సాయంత్రం మనవరాలికి నేనే చేశాను. వాళ్ళు కనిపెట్టక ముందే నువ్వు చెప్పమ్మా, నీ నోటితో చెప్పు అన్నాను. ఎందుకని అడగలేదు, నా గొంతులో ఏం వినబడిందో మరి. రెండో రోజు తనే చేసింది. చెప్పేశానని, పైవాళ్ళు ఏమీ అనలేదని, తమ్ముడి చేత మాత్రం ఆ పసుపు అమ్మించేశారని, వాడికి కోపం వచ్చి ఫోను ఎత్తడం లేదని చెప్పింది.

"అలిగాడు మామ్మా. ఎన్నాళ్ళుంటుంది ఈ అలక?" అని నవ్వుతూ అడిగింది.

నాకు తెలిసింది చెప్పలేక, అన్నం తిన్నావా అమ్మీ అని అడిగాను.