వొత్తులు కుదిర్చింది మా అక్క

మొన్న మా కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. తొంభైల నడిమిలో, నారాయణగూడలో మేం చదువుకునే రోజుల్లో జరిగిన ప్రదర్శనలో తీసింది. కంప్యూటర్ చుట్టూ నలుగురు మగపిల్లలు, మధ్యలో మా కంప్యూటర్ మాస్టారు, ముఖ్య అతిథి చేతిలో ఒక కాగితం. కింద "ప్రింటరుకు తెలుగు నేర్పిన మన కుర్రాళ్లు" అని రాసి ఉంది, ఆ కిందంతా చప్పట్ల బొమ్మలు. చూసిన దగ్గర్నుంచి నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది.

ఆనాటి ప్రింటర్లు మీకు గుర్తుండే ఉంటాయి, అంచుల్లో చిల్లులున్న కాగితం మీద కర్రుకర్రుమంటూ సన్నటి సూదులతో చుక్కలు పొడిచేవి. ఏదో ఆఫీసువాళ్లు వద్దనుకుని మా కంప్యూటర్ క్లబ్బుకి ఇచ్చిన ప్రింటరూ అలాంటిదే, దానికి ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదు. దానిచేత తెలుగు రాయించాలంటే, ఏ సూది ఎప్పుడు పొడవాలో కంప్యూటర్ తరఫున దానికి చెప్పే డ్రైవర్ ఒకటి మనమే రాయాలి. ఇంట్లో మా అమ్మతో డ్రైవర్ రాస్తున్నాం అంటే, కారు లేకుండా డ్రైవర్ ఎందుకే అని నవ్వింది.

రాసింది మా సీనియర్ అక్క. వాళ్లది చిక్కడపల్లి, ఎన్నో తరాలుగా అక్కడే ఉంటున్న కుటుంబం. మాది కోస్తా నుంచి వచ్చి అశోక్ నగర్‌లో స్థిరపడ్డ ఇల్లు. ఇద్దరం కాలేజీకి కలిసి నడిచి వెళ్లేవాళ్లం, ఆమె దారి పొడుగునా అక్షరాల గురించే మాట్లాడేది. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ అక్షరాలన్నీ చుక్కల్లో గీసింది, ఆ గడీలు నింపడంలో నాకూ పాలుంది. అంతా బాగానే వచ్చింది గానీ వొత్తులే ఏడిపించాయి. "అమ్మ" అని కొడితే కింది వొత్తు జారి తర్వాతి వరుస నెత్తిమీద కూర్చునేది. క్లబ్బు కార్యదర్శిగా ఉన్న అబ్బాయి, వొత్తుల్లేని మాటలే చూపిద్దాం, అతిథికి ఏం తెలుస్తుంది అన్నాడు. "వొత్తులు లేకుంటే అది తెలుగెట్లయితది?" అని అక్క మళ్లీ కూర్చుంది. ఒక్కో వరుసని రెండు విడతలుగా, పైన అక్షరాలు, కాస్త కాగితం జరిపి కింద వొత్తులు అచ్చువేసే ఉపాయం కనిపెట్టింది. "అమ్మ" సరిగ్గా పడ్డ రోజు, ఆ కాగితం చించుకుని ఇంటికి పట్టుకెళ్లింది.

ప్రదర్శన రోజు పొద్దున మాస్టారు, ఆడపిల్లలంతా పట్టుచీరలతో గేటు దగ్గర పన్నీరు చల్లడానికి నిలబడాలన్నారు. కంప్యూటర్ దగ్గర అబ్బాయిలుంటారట! అక్కయినా లోపల ఉండాలి కదా సార్ అని నేనడిగితే, అతిథి ముందు తడబడితే కాలేజీ పరువు పోతుందన్నారు. ప్రోగ్రాం రాసినప్పుడు తడబడని మనిషి చెప్పడానికి తడబడుతుందా?

అతిథి వెనకే మేమిద్దరం లోపలికి నడిచాం. ఆయన తన పేరు కొట్టించుకుని, వొత్తుతో సహా ముచ్చటగా పడిన ఆ కాగితాన్ని చూసి మురిసిపోయి, ఇది ఎవరి పని అని అడిగారు. మాస్టారు కార్యదర్శి భుజం తట్టారు. అతను నవ్వుతూ నిలబడ్డాడు. నేను ఆగలేక, "సార్, రాసింది ఈ అక్క" అని గట్టిగానే అన్నాను. అతిథి ఆమెవైపు తిరిగి, "ఓహో, నువ్వు కూడా సాయం చేశావా, వెరీ గుడ్" అన్నారు. "సాయం కాదు సార్, నేనే రాసిన" అని అక్క అంటూనే ఉంది, మాస్టారు ఫోటోగ్రాఫరుని పిలిచి మమ్మల్ని పక్కకు జరగమన్నారు. మేం అలా పక్కకు జరిగాక తీసిందే ఈ ఫోటో.

గ్రూపులో నేను ఆమె పేరు రాశాను. ఇప్పుడు పెద్ద కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న ఆ కార్యదర్శి, "అందరం కలిసే చేశాం కదమ్మా, పాత విషయాలు ఎందుకు" అని దణ్ణం బొమ్మ పెట్టాడు. అందరం కలిసే చేస్తే ఫోటోలో అందరం ఉండాలి కదా అని రాశాను.

అక్కకు ఫోన్ చేశాను. ఆమె బ్యాంకులో పనిచేసి ఈమధ్యే స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసింది. ఆ రోజు ఇంకా గట్టిగా ఎందుకు దెబ్బలాడలేదని అడిగాను. "కోపం రాలేదనుకుంటున్నవా? మస్తు వచ్చింది. కానీ లొల్లి అయిందని మా నాయినకు తెలిస్తే కాలేజీ మానిపిస్తడు. గదే భయం. పరీక్షలు రాయాలె గద" అంది.

నిన్న సాయంత్రం అశోక్ నగర్ వీధిలో నడుస్తుంటే, కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చిన అమ్మాయిలు టీ కొట్టు ముందు గుంపుగా నిలబడి, చీకటి పడుతున్నా పట్టించుకోకుండా, ఏదో లెక్క గురించి అబ్బాయిలతో గొంతెత్తి వాదిస్తున్నారు. మా రోజుల్లో ఆ వీధిలో మేం తల వంచుకుని గబగబా నడిచేవాళ్లం. నేను పని లేకపోయినా అక్కడే ఒక టీ తీసుకుని, వాళ్ల వాదన అయిపోయేదాకా నిలబడ్డాను.