చూసినోళ్లను అడిగి రాసిన మనిషి

మా పెద్దబాపు ఓదెలు పోయాడన్న కబురు నాకు ఆసిఫాబాద్ బడిలో ఎనిమిదో తరగతి హాజరు పిలుస్తుండగా అందింది. కాలనీ నుంచి మా దాయాది, పాలోళ్ల అన్న ఫోన్ చేశాడు. "పెద్దబాపు పోయిండు చెల్లె, జల్ది రా" అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి, మిగిలిన పేర్లన్నీ పిలిచి, ఎవరెవరు రాలేదో రాసి, రిజిస్టరు మూసి, అప్పుడు పెద్దసారు దగ్గరికి వెళ్లి సెలవు అడిగాను. బస్సులో కూర్చున్నాక కూడా ఏడుపు రాలేదు. పక్క సీటావిడ ఎక్కడికి పోతున్నావని అడిగితే, ఇంటికి అన్నాను.

ఇలాంటి వ్యాసాలలో దివంగతులను మహామనీషి అనీ, విజ్ఞాన భాండాగారమనీ కీర్తించడం రివాజు. తెలుగు టీచర్ని కనుక అటువంటి సమాసాలు నా దగ్గరా కొదవ లేదు. ఆయన గురించి రాయబోతే ఒక్కటీ నిలవడం లేదు. తన మీద ఇలాంటివి రాస్తే చదివేవాడికి నిద్ర వస్తుందని ఆయనే అనేవాడు. కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తాను. ఆయన నుంచి నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

మా ఊరు నడిమిపల్లె. ఇప్పుడు ఏ పటంలో వెతికినా దొరకదు. గోదావరిని మేము గంగ అంటాం. కరీంనగర్ దిక్కు ఒక పాయ, ఆదిలాబాద్ దిక్కు ఒక పాయ, నడుమ మా దీవి. వానకాలమంతా పడవ తప్ప దారి ఉండేది కాదు. ప్రాజెక్టు కట్టి నీళ్లు నిలిపాక ఊరు మునిగింది. మమ్మల్ని ఒడ్డు మీద కాలనీలో కూర్చోబెట్టి ఇళ్లకు నంబర్లు వేశారు. వాడకట్టులన్నీ కలగాపులగమై, తరతరాలుగా గోడ ఆనుకుని బతికినవాళ్లు చెరో కొసకు పోయారు. పెద్దబాపు ఆ ఊరికి టపా మోసిన మనిషి. ముప్పై ఏళ్లు సంచీ తలమీద పెట్టుకుని పడవెక్కాడు. మస్కట్ నుంచీ దుబాయి నుంచీ వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేదీ ఆయనే, జవాబులు రాసేదీ ఆయనే. ఆయన భార్య, మా పెద్దవ్వ, పిల్లలు లేకుండానే చిన్న వయసులో పోయింది. ఆ తర్వాత ఆయన సంసారమంతా ఊరి పేర్లతోనే.

పేర్లతో అని ఊరికే అనలేదు. పొడుగు నోటుబుక్కులలో ఇంటికొక పేజీ చొప్పున, ఆ ఇంట పోయినవాళ్ల పేర్లు, ఎవరి బిడ్డలు, ఎక్కడినుంచి వచ్చి ఇక్కడ నిలిచారు, ఎట్లాంటి మనుషులు అన్నది రాసి పెట్టాడు. "పడవ ఎక్కితే కండ్లు మూసుకునేది", "తమ్ముడితోని మాటలు లేవు, తమ్ముడి పిల్లలను మాత్రం ఎత్తుకుని తిరిగేవాడు" అని ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం. పేజీకి కుడి కొసన గీత కొట్టి ఒక గడి. పైన "చూసినవారు" అని రాసి ఉండేది. పాత తరాలవి అడిగి రాసినవే, కొత్తగా ఎవరైనా పోతే మాత్రం ఆ పోవడం కళ్లారా చూసినవాళ్ల సంతకమో వేలిముద్రో ఆ గడిలో పడితే తప్ప పేరు రాసేవాడు కాదు.

ఈ పుస్తకం అక్కర ఏడాదికి ఒకరోజు అందరికీ పడేది. పెత్రమాసనాడు, అంటే భాద్రపద అమావాస్యనాడు, మా దిక్కు పోయిన పెద్దల పేరు మీద పూజారి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. అయ్యగారు మూడు తరాల పేర్లు చెప్పమంటాడు. తండ్రి పేరు ఎవరైనా చెబుతారు, తాత పేరూ చెబుతారు. ముత్తాత దగ్గర అందరి నోళ్లూ మూతపడతాయి. అందుకని పొద్దున్నే చేటలు పట్టుకుని మా పెద్దబాపు అరుగు ముందు నిలబడేవాళ్లు. ఆయన స్నానం చేసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క ఇంటి పేజీ తీసి పేర్లు చదివేవాడు. ముత్తాత పేరు మరిచినవాడిని ఊరికే పోనిచ్చేవాడా? "ఫోన్ల నంబర్లు మాత్రం మంచిగ యాదికుంటయి నీకు" అని ఒక చురక అంటించి పంపేవాడు. ఏటా అవే చురకలు పడి, ఏటా మరిచిపోయి వచ్చేవాళ్లు. పేర్లు మరవడం వాళ్లకు మర్యాదైపోయిందేమో అని నాకు అనుమానం.

ఊరి మొదలు గురించి పరిశోధన చేస్తున్నామంటూ ఒకసారి కాలేజీ వాళ్లు ఇద్దరు వచ్చారు. నడిమిపల్లెకు మొదట వచ్చిందెవరని అడిగారు. పెద్దబాపు మూడు ఇళ్ల వాళ్లు చెప్పుకునే మూడు కథలు చెప్పాడు. ఏ ఇంటి కథలో ఆ ఇంటివాళ్లదే మొదటి పడవ. ఇందులో ఏది నిజమని వాళ్లు పట్టుబట్టారు. "నేను ఒడ్డున నిలవడి చూసిన్నా సారూ? మూడూ రాసుకోండ్రి" అన్నాడు. వాళ్లకది నచ్చలేదు. చాయ తాగి, ఒకే కథ చెప్పే మనిషిని వెతుక్కుంటూ వెళ్లారు.

ఎండాకాలం నీళ్లు తగ్గితే ఊరి పునాదులు బయటపడతాయి. అప్పుడు నాటు పడవ మాట్లాడి, కాలనీలో పుట్టి ఊరు చూడనివాళ్లను తీసుకుపోయేవాడు. ఒండ్రులో మోకాళ్లదాకా దిగబడుతూ, ఇది మీ వంటిల్లు, ఇక్కడ మీ అవ్వ మగ్గం గుంట అని చూపించేవాడు. నేనూ రెండుసార్లు వెళ్లాను. మా ఇంటి జాగాలో నిలబడితే నాకేమీ అనిపించలేదని చెప్పాను. నీకేం అనిపించాల్సిన పని లేదు, జాగా గుర్తుపెట్టుకో చాలన్నాడు.

ఇంత కచ్చితం మనిషి పుట్టుకతోనే కచ్చితం కాదు. తన తప్పు ఒకటి ఆయనే నాకు చెప్పాడు. మేమింకా దీవి మీద ఉన్నప్పుడు ఒక వానకాలం గంగలో పడవ బోల్తా కొట్టింది. అందులో మల్లేశం అనే నేతపని ఆయన ఉన్నాడని ఊరంతా చెప్పుకుంది. శవం దొరకలేదు. ఎక్కాడని ఒకరు, మునిగాడని ఒకరు. పెద్దబాపు ఆ మాటలు పట్టుకుని పేరు రాసేశాడు. పెత్రమాసనాడు మల్లేశం పేరుమీద బియ్యమిచ్చారు, భార్య బొట్టు తీసేసింది. చలికాలానికి మల్లేశం నిక్షేపంగా పడవ దిగాడు. భార్యతో తగవు పడి ఎవరికీ చెప్పకుండా భివండీ పోయి మరమగ్గాల మీద పనిచేసి వచ్చాడట. ఊరు మొదట విరగబడి నవ్వింది. మల్లేశమూ నవ్వాడు. "ఓదెలన్నా, నా బియ్యం అయ్యగారికి అరిగినయా?" అని అడిగాడు. కానీ ఒకసారి పెద్దల్లో కలిపిన మనిషిని ఇంట్లో ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియలేదు. కన్నతల్లే అతనికి అన్నం పెట్టడానికి జంకింది. శాంతి చేయించారు, పేరు కొట్టేశారు, అయినా ఆ బెరుకు పోలేదు. రెండేళ్లు చూసి మల్లేశం మళ్లీ భివండీ వెళ్లిపోయాడు, ఇక రాలేదు. ఆ గడి గీసింది ఆ తర్వాతే. "విన్నోళ్లు ఊరంత ఉంటరు బిడ్డా. చూసినోళ్లు కావాలె" అనేవాడు.

ఆ గడి వల్ల నలిగింది లచ్చవ్వ. నేను అత్తా అని పిలుస్తాను. కాలనీలో ఆమె ఇల్లు పెద్దబాపు ఇంటికి ఎదురు. భర్త రాజేశం దుబాయి పోయి రెండు ఉత్తరాలు రాశాడు, తర్వాత జాడ లేదు. చనిపోయాడని విన్నామని ఒకరు, ఎక్కడో గొర్లు కాస్తున్నాడని విన్నామని ఇంకొకరు. పదేళ్లు చూసి, ఆరేళ్ల కింద ఒక పెత్రమాసనాడు ఆమె చేటలో బియ్యం పోసుకుని అరుగు ముందుకు వచ్చింది. రాజేశం పేరు రాయమంది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

పెద్దబాపు పుస్తకం తెరవలేదు. "ఎవలన్న చూసినోళ్లను తీసుకరా చెల్లె, ఇప్పుడే రాస్త" అన్నాడు.

"చూసినోళ్లను యాడికెల్లి తేవాలె? నువ్వు రాయకపోతే నేను ముత్తైదువను గాను, మొగడు పోయినదాన్ని గాను. ఎన్నేండ్లు నిలవడాలె అన్నా గిట్ల నడుమ?" అంది లచ్చవ్వ. ఆయన తల దించుకున్నాడే తప్ప పెన్ను తీయలేదు. ఆమె చేట ఎత్తుకుని తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆమె అత్తమామల బియ్యం భర్త అన్న ఇంటినుంచి పోతాయి కనుక ఆ తర్వాత ఏ పెత్రమాసకూ ఆ ఇంటినుంచి బియ్యం కదలలేదు. ఎదురెదురు ఇళ్లు, ఆరేళ్లు మాటలు లేవు.

నేను లచ్చవ్వ పక్షమే. పుస్తకం కోసం మనిషిని చంపుతున్నావని ఆయన ముఖం మీదే అన్నాను. రేపు వాడు బస్సు దిగి వస్తే ఏ ముఖంతో మంచినీళ్లిస్తామని అడిగాడు. నేను కోపం చేసుకుని వెళ్లిపోయాను. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఇద్దరం ఆ ఊసు తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. ఆయన బతికుండగా దాన్ని తేల్చుకోలేకపోయాననేది నాకు ఇప్పుడు తెలుస్తున్నది. బాధ అనడానికి లేదు. కాలు తిమ్మిరెక్కినట్టు, ఉందో లేదో తెలియని ఒకటి.

నేను చేరేసరికి పెద్దబాపును చాప మీద పడుకోబెట్టారు. దహనం అయింది, పదో రోజున పదొద్దులు అయినాయి. కర్మ మా అన్న చేశాడు. నేను వచ్చినవాళ్లకు చాయలు పోశాను, పాత్రలు లెక్కచూసి ఇచ్చేశాను. మా ఊరి ఆనవాయితీలో ఆ ఏడు పోయినవాళ్లను మొదటి పెత్రమాసనాడే పెద్దల్లో కలుపుతారు. అది నాలుగు రోజుల్లోకి వచ్చింది. పుస్తకం ఇప్పుడు నా చేతికి వచ్చింది, పేరు రాయాల్సింది నేను. మా ఇంటి పేజీ తీసి, పెద్దవ్వ పేరు కింద ఆయన పేరు రాయబోయి ఆగాను. కుడి కొసన గడి ఖాళీగా ఉంది.

అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే సల్లగా పోయాడని అందరూ చెబుతున్నారు. చూశావా అని అడిగితే ఒక్కరూ చూడలేదు. అన్న పక్కింటాయన చెబితే విన్నాడు, పక్కింటాయన వాళ్లావిడ చెబితే విన్నాడు. ఆమెను అడిగితే వీధి అవతలికి చెయ్యి చూపించింది.

లచ్చవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతున్నది. పుస్తకం పట్టుకుని వెళ్లి, చూసింది నువ్వేనా అత్తా అని అడిగాను. కత్తెర పక్కన పెట్టింది.

"పొద్దుగాల నేను వాకిలి ఊడుస్తున్న. 'చెల్లే, జరన్ని నీళ్లు తే' అన్నడు. ఆరేండ్లకు అదే మొదటి మాట. పోవద్దనుకున్న. మల్ల పోయిన. తాగిండు, గిలాస కింద పెట్టిండు. నా దిక్కు చూసిండు, గోడకు ఒరిగిండు. అంతే బిడ్డా. నేను చూసిన, రాస్కో."

రాశాను. ఆమె వేలు పట్టి గడిలో ముద్ర వేయించాను. అప్పుడు ఆమె తన ఇంటి పేజీ తీయమంది. నేనూ ఆ పేజీ ఎప్పుడూ చూడలేదు. రాజేశం పేరు లేదు. కానీ కుడి కొసన గడి కిందిదాకా నిండిపోయి, పక్క పేజీలోకి పోయింది. దుబాయి నుంచి, మస్కట్ నుంచి తిరిగొచ్చిన మనుషుల పేర్లు. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాను. హుస్నాబాద్ దగ్గర ఫలానా ఆయన, అదే క్యాంపు, చూడలేదు. జైనూర్‌లో ఫలానా ఆయన, పేరు విన్నాడు, చూడలేదు. ఎవరో గల్ఫు నుంచి దిగారని తెలిస్తే చాలు, బస్సెక్కి పోయి అడిగి వచ్చాడు. ఆఖరిది ఈ ఏటి ఎండాకాలానిది. మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడుస్తున్న రోజులవి.

లచ్చవ్వ మొత్తం విన్నది. "నాకొక్క మాట చెప్పకపాయె" అంది. బీడీల చేట ఒళ్లోకి లాక్కుంది.

పెత్రమాస పొద్దున జనం అలవాటుగా అరుగు ముందుకు వచ్చారు. నేను కూర్చుని పుస్తకం తెరిచి పేర్లు చదివాను. చురకలు వేయడం నాకు చేతకాలేదు. అందరి వెనకా గుడికి పోయేసరికి అయ్యగారి ముందు లచ్చవ్వ నిలబడి ఉంది, చేటనిండా బియ్యం. ఎవరి పేరుమీద అని ఆయన అడిగాడు. ఓదెలు పేరు అంది. ఆయన బియ్యం మా అన్న ఇచ్చిపోయాడనీ, ఒక్క మనిషికి రెండిళ్ల నుంచి ఎందుకనీ అయ్యగారు సందేహించాడు.

"నా ఇంట్ల ఇయ్యడానికి పేరు లేదు అయ్యగారూ. మా ఆయనను చూసినోళ్లు దొరికేదాంక ఆ పేజీ అట్లనే ఉంటది. ఈయననైతె నేను చూసిన" అంది లచ్చవ్వ.

అయ్యగారు చేట అందుకుని, తండ్రి పేరు, తాత పేరు అడిగాడు. ఆమె నా వైపు చూసింది. పెద్దబాపు తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు ఒకటొకటిగా చెప్పాను. పుస్తకం తెరవాల్సిన పని పడలేదు. మూడోది చెప్పి తల ఎత్తేసరికి లచ్చవ్వ ఏడుస్తున్నది. అప్పుడు నాకూ ఏడుపు వచ్చింది.