షెడ్డులో మామ తుమ్ము

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు శ్మశానం పక్క దోవలోనే ట్యూషన్‌కు పోయి వచ్చినవాణ్ణి. ప్రొద్దుటూరులో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పుకుంటాను. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే సగంలోనే నవ్వి తిట్లు తింటాను. అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చున్నానంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. రంపం, చిత్రిక, నాలుగు ఉలులు పెట్టుకుని సెలవు దొరికితే అందులోనే పీటలూ అలమరలూ చేస్తుంటాను. నా భార్య సుజాత దాన్ని "మా ఆయన రెండో కాపురం" అంటుంది.

సుజాత నా మేనత్త కూతురే. అత్తావాళ్లది కొండాపురం వైపు, గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయిన ఊళ్లలో ఒకటి. ఊరు ఖాళీ చేసేటప్పుడు మా మామ మిగతా సామాను సంగతి వదిలేసి, తలవాకిలి తలుపు ఊడదీయించి ట్రాక్టరులో వేయించుకున్నాడు. పద్మాలు చెక్కిన పాత టేకు తలుపు. కాలనీలో కట్టుకున్న కొత్త ఇంటికి అది పట్టలేదు. పెరట్లో గోడకు ఆనించి పెడితే వానకు తడిసి, ఎండకు పగిలిపోయింది. మామ పోయేనాటికి అందులో బాగున్నది ఒకే ఒక్క పలక.

మామ ఆ ఊరి బడిలోనే పంతులుగా చేసి రిటైరయ్యాడు. బంగారం లాంటి మనిషి. కానీ ఎవరు ఏ పని చేస్తున్నా వెనక నిలబడి చూడకుండా ఉండలేడు. చేతిలో ఎప్పుడూ ముక్కుపొడి డబ్బా. అది అలవాటైనవాళ్లకు తుమ్ము రాదంటారు గానీ మామకు వచ్చేది. ముందు ఒక పెద్ద ఊపిరి, తర్వాత కాసేపు ఏమీ ఉండదు, ఆ తర్వాత ఇల్లు అదిరేలా ఒక్క తుమ్ము, చివర నీరసంగా "శివా" అని ఒక మాట. ఒంటి తుమ్ము అపశకునం కదా. పని మొదలుపెట్టేటప్పుడు ఎవరైనా ఒక్కసారి తుమ్మితే పని ఆపి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాలి. మామ పుణ్యమా అని ఆ ఇంట్లో ఏ పనీ మొదటిసారికి మొదలైంది లేదు.

ఆయన పోయాక అత్త ఆయన వస్తువులన్నీ ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టింది. తను చూడదు, ఎవరినీ ముట్టుకోనివ్వదు. సుజాతకు అది చూస్తే కడుపు తరుక్కుపోయేది. అందుకే ఆ పలకతో అద్దాల పెట్టె చేసిస్తానన్నాను. ఫోటో ఫ్రేము లాంటిదే గానీ లోపల బెత్తెడు లోతు ఉంటుంది. వస్తువులు అందులో అమర్చి, ముందు అద్దం వేసి గోడకు తగిలించుకోవచ్చు. చుట్టూ ఆ తలుపు పద్మాలే కనబడతాయి.

అత్త చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "అబ్బీ, ఆ ఇంటిది మిగిలింది ఈ పలకొక్కటే. చెడగొట్టినావంటే నా గడప తొక్కాకు," అంది. కళ్లజోడు, పెన్ను, బడిలో డ్రిల్లు చేయించే ఈల తీసి ఇచ్చింది. ముక్కుపొడి డబ్బాను మాత్రం సుజాత చేతిలోకి విసిరినట్టే వేసి, "ఈ పాడు డబ్బాను గోడకెక్కించాకండి. బతికినన్నాళ్లూ దీంతోనే సరిపాయ," అంది.

దసరా సెలవులు ఇవ్వగానే పలక ఇంటికి తెచ్చుకుని పనికి దిగాను. పలకను నిలువుగా చీల్చి, అరిగిపోయిన పద్మాలను ఉలితో మళ్లీ తీర్చాను. నాలుగు వైపులకూ సరిగ్గా సరిపోతుంది, బెత్తెడు ముక్క కూడా ఎక్కువ లేదు. మరునాడు పొద్దున టిఫిన్ కాగానే కొలతలు గీసి, మూల కోయడానికి రంపం పెట్టాను.

వెనక పెద్ద ఊపిరి వినబడింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత తుమ్ము. ఆ "శివా" కూడా విన్నాను.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. పక్కింటివాళ్లు ఊరికి పోయారు, వాళ్ల ఇంటికి తాళం. సుజాత మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. ఎండకు రేకులు చప్పుడు చేస్తాయి, ఆ సంగతి నాకు తెలుసు. ఠప్పుమంటాయే గానీ శివుణ్ణి తలుచుకోవు.

చిత్రమేమిటంటే నాకు భయం వేయలేదు. అలవాటు కొద్దీ రంపం కింద పెట్టి, కూర్చుని, చెంబెత్తి నీళ్లు తాగాను. తాగుతూ పలక వైపు చూస్తే అప్పుడు కనబడింది తప్పు. లోపలి కొలతను బయటి అంచు మీద గీశాను. అలాగే కోసి ఉంటే పెట్టె కళ్లజోడు కూడా పట్టనంత చిన్నదయ్యేది. మరో పలక తేవాలంటే నీళ్లలోకి దూకాలి. సుజాతకు ఏమీ చెప్పలేదు. చెబితే తుమ్ము సంగతి వదిలేసి, లెక్కల పంతులు కొలత తప్పాడని ఊరంతా చాటుతుంది.

అద్దం బిగించే రోజు సుజాత కూడా షెడ్డులోనే ఉంది. వెనక చెక్క పెట్టి మొదటి స్క్రూ తిప్పబోతుంటే మళ్లీ అదే ఊపిరి, అదే తుమ్ము. సుజాత అటూ ఇటూ చూడను కూడా లేదు.

"కూచో బావా, నీళ్లు తెస్తా," అని లోపలికి పోయింది. చెంబుతో తిరిగి వచ్చేటప్పటికి కళ్లలో నీళ్లు, ముఖాన నవ్వు. "నాయన తుమ్మే గదా?"

అవునన్నాను. నేను నీళ్లు తాగేలోపు ఆమె అలమరలో పెట్టిన ముక్కుపొడి డబ్బా తీసి నా చేతికిచ్చింది. "ఇది పెట్టకుంటే నాయన ఒప్పుకోడు. అమ్మ తిడితే నేను పడతాలే," అంది. దాన్ని ఈల పక్కన అమర్చి బిగించాను. ఈసారి ఎవరూ తుమ్మలేదు.

పెట్టెను దుప్పట్లో చుట్టి, జమ్మలమడుగులో బస్సు మారి తీసుకుపోయాం. దారంతా సుజాత దాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది. అత్త దుప్పటి విప్పి, పద్మాలను ఒక్కొక్కటే వేలితో తడిమింది. తర్వాత డబ్బాను చూసింది. మేమిద్దరం తిట్లకు సిద్ధమయ్యాం.

తిట్టలేదు. చాప మీద కూలబడి, "పని చేసేటప్పుడు ఏమన్నా ఇనపడెనా అబ్బీ?" అని అడిగింది. సుజాతే అంతా చెప్పింది.

మామ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో రోజూ ఆయన తుమ్ము వినబడుతోందట. జనం పిచ్చిదంటారని అత్త ఎవరికీ చెప్పలేదట. "మీరు పలక ఎత్తుకపోయిన నాటి నుంచి ఒక్క తుమ్మూ లేదు. ఇల్లు బావురుమంటాండె. ఈ మనిషి యాడికి పాయనో అని శానా దిగులు పడినా. నీ షెడ్డులో ఉండాడా? ఇంగేం, చెక్కపని చూసేదానికి పోయినాడు," అని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

పులివెందులలో ఉండే మా తమ్ముడు ఇది విని, మనసులో ఉన్నదే చెవిలో పడి ఉంటుందన్నాడు. మా ఇద్దరికీ వినబడినదానికి ఆ మాట సరిపోతుందేమో. కానీ మేం నోరు విప్పకముందే, అన్ని ఊళ్ల అవతల అత్తకు ఆ వారమంతా వినబడకుండా పోయిందే, దానికి మాత్రం ఎంత ఆలోచించినా నాకు లెక్క కుదరడం లేదు.

అత్త ఫోన్ చేసినప్పుడల్లా "తుమ్ముతాండాడు లే," అంటుంది, మనిషి కులాసాగా ఉన్నాడన్నట్టు. నా షెడ్డులో మాత్రం ఎవరూ తుమ్మడం లేదు. మొన్న ఒక పీట కాళ్లు పొట్టిగా కోసేశాను. ఇప్పుడు రంపం పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి వింటున్నాను. ఏమీ వినబడదు. మామ నిజంగా పోయాడని నాకు ఇప్పుడే తెలిసినట్టుంది.