నాయిన ఈల

మొన్న మెట్టుగూడ బస్టాపు దగ్గర ఎవరో కుర్రాడు స్నేహితుణ్ణి పిలుస్తూ ఈల వేశాడు. రోడ్డు దాటబోతున్న నా కాలు అక్కడే ఆగిపోయింది. వెనకాల ఆటోవాడు తిట్టాడు. తిట్టడూ మరి, యాభైకి దగ్గరపడ్డ మనిషి నడిరోడ్డు మీద బొమ్మలా నిలబడితే!

పాత నవలల్లో తండ్రులు కొడుకులకు పేజీలకు పేజీలు బుద్ధులు చెబుతారు. మా నాయిన ఈల వేసేవాడు. ఆయనది లాలాగూడ వైపు రైల్వే యార్డులో బోగీలు కలిపే ఉద్యోగం. అక్కడ ఈల వినబడితే ముందు ఆగాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఆ చట్టమే ఇంట్లోనూ నడిపాడు. చిన్నప్పుడు నాకది ఆటలా ఉండేది. కాలేజీకొచ్చాక తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు స్నేహితుల ముందు ఈల వేసేసరికి ఇంటికొచ్చి అరిచాను.

"నేనేమన్న బోగీనా నాయినా? ఇంకోసారి గిట్ల పిలవకు."

ఆయన, "సరే బిడ్డా, ఇగ ఎయ్య," అన్నాడు. అన్నట్టే మానేశాడు.

ఆ వానాకాలం ఒక సాయంత్రం కుండపోత. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. ఇల్లు కనిపిస్తూనే ఉంది కదా అని చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాను. పైన బాల్కనీలోంచి ఈల! మళ్లీ మొదలుపెట్టాడని ఒళ్లు మండింది. కాళ్లు మాత్రం నా కోపాన్ని లెక్కచేయకుండా ఆగిపోయాయి.

"కదలకు! నీ ముంగటనే మ్యాన్‌హోల్ మూత కొట్టుకపోయింది. నీళ్లు సుడి తిరుగుతున్నయ్."

నాకేమీ కనబడలేదు, అంతా ఒకటే బురద రంగు. కాళ్ల దగ్గర నీళ్లు ముందుకు లాగుతున్నాయి. భయంతో పైకి చూసి అరిచాను.

"కిందికి రా నాయినా! నన్ను గుంజుతుంది!"

"కిందికొస్తె నాకు సుడి కనవడదు. ఈడనె ఉంటా. గోడ దిక్కు జరుగు. కాలు లేపకు, ఈడ్చుకుంట పో. ఆఁ... ఇంక జెర. గేటు పట్టుకో."

ఆయన గొంతులో వణుకు లేదు. యార్డులో పనివాళ్లకు చెప్పినట్టే చెప్పాడు. గేటు ఇనుము చేతికి తగిలాక గానీ నాకు ఊపిరి రాలేదు.

మెట్లెక్కి వెళ్తే బాల్కనీలో కూలబడి ఉన్నాడు. నన్ను భుజాల నుంచి కాళ్లదాకా తడిమి చూశాడు.

"మాట తప్పిన బిడ్డా. ఏమనుకోకు," అన్నాడు. నేను ఏడ్చేశాను.

నాయిన ఇప్పుడు లేడు. నాకేమో ఈల వేయడం రాదు, ఎంత ప్రయత్నించినా ఉత్త గాలే వస్తుంది. అందుకే వాన మొదలైతే చాలు, కాలేజీ నుంచి నా కొడుకు వచ్చేదాకా బాల్కనీలో నిలబడి వీధిలో నీళ్లనే చూస్తుంటాను. "ఏంది డాడీ, నేనేమన్న చిన్న పిల్లగాన్నా?" అని విసుక్కుంటాడు. విసుక్కోనీ. ఇంటికొచ్చి విసుక్కుంటే చాలు.