తీగ అవతలి కొస

తీగలు అతికించే సోల్డర్ కాలిన వాసన వస్తే నేను ఇప్పటికీ ఆగిపోతాను. నిన్న టీవీలు బాగుచేసే కొట్టు ముందు ఆ పొగ తగలగానే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని బోర్డు మీద వంగిన సత్యంగారు గుర్తొచ్చారు. తొంభైల చివర్లో, గల్ఫ్‌లో మామీర్ అనే ఊళ్ళో మా రేకుల షెడ్డు వర్క్‌షాపుకు ఆయనే పెద్ద. కాకినాడ మనిషి. జగిత్యాల వైపు నుంచి సామాన్లు మొయ్యడానికి వెళ్ళిన నాకు పని నేర్పింది ఆయనే.

అప్పుడు ఫ్యాక్టరీల కోసం ఒక కంట్రోలు బోర్డు చేస్తున్నాం. మధ్యలో మనకు కావలసినట్టు మలుచుకునే ప్రోగ్రామబుల్ చిప్, దూరంగా అంచున మెమరీ చిప్. రెండూ ఒకే తాళానికి, అంటే ఒకే క్లాక్ దెబ్బకు, నడవాలి. కానీ తాళం అవతలి కొసకు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమేదో ముందే లెక్కగట్టి సరిదిద్దితే పోదా అని సత్యంగారిని అడిగాను. ఎండలో ఒకలా, ఏసీలో ఒకలా ఉంటుందని, ఏ రెండు చిప్పులూ ఒక్కలా ఉండవని, పొద్దున కట్టిన లెక్క మధ్యాహ్నానికి చెడుతుందని చెప్పారు. అందుకే అవతలికి చేరిన తాళాన్ని ఒక తీగతో వెనక్కి తెచ్చి ఇవ్వాలి. చిప్ దాన్ని లోపలికి వస్తున్న తాళంతో పోల్చి, రెండూ కలిసేదాకా తనే సర్దుకుంటుంది. వెనకబడ్డదాన్ని ముందుకు లాగడం ఎవరివల్లా కాదు గనుక, ఇంకాస్త ఆపి తర్వాతి దెబ్బతో కలుపుతుంది. కలిశాక పచ్చదీపం వెలుగుతుంది.

నేను తెలివి ఎక్కువై ఆ తీగను అవతలి కొస నుంచి కాక, చిప్ పక్కనుంచే తెచ్చి కలిపాను. దీపం వెలిగింది. మెమరీ మాత్రం అన్నీ తప్పులే చదివింది.

"దీపం ఎలిగింది గద సార్, ఇంకేం గావాలె?" అన్నాను.

ఆయన తిట్టలేదు. "తీగ ఎక్కడ కట్టావో అక్కడి సంగతే చెప్తుందయ్యా అది. అవతలి కొసనడగాలి," అని తీగ విప్పించారు.

ఆ ఎండాకాలంలోనే ఆయనకు జ్వరం పట్టుకుంది. పనివాళ్ళుండే క్యాంపుల్లో మాది వేరు, ఆయనది వేరు. రోజూ డ్యూటీ దిగగానే అక్కడి క్యాంపు బాస్‌కు ఫోన్ చేసేవాణ్ణి. బాగానే ఉన్నాడు భాయ్, పడుకున్నాడు, అనేవాడు. ఓవర్‌టైం ఉంది కదా అని నేనూ నమ్మాను. అతను గుమ్మంలోంచి తొంగి చూసి చెబుతున్నాడని నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

ఐదో రోజు వెళ్ళాను. గదిలో ఏసీ పనిచేయడం లేదు. నీళ్ళ సీసా మంచం కింద, చెయ్యందనంత దూరంలో పడి ఉంది. డాక్టరుకు చూపించినవాడు లేడు. రోజూ ఫోన్ చేసి కనుక్కుంటూనే ఉన్నానని చెప్పాను.

"నన్నడగలేదు కదయ్యా," అన్నారు, మెల్లగా.

ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఆయన్ని చంపింది జ్వరమే అని అందరూ అన్నారు. నాకు మాత్రం నా బద్ధకం కూడా అందులో ఉందనిపిస్తుంది, ఎవరు కాదన్నా. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఒకడు రాకపోతే బాగానే ఉన్నాడట అన్న కబురు నేను తీసుకోను, వాడి గదికే వెళ్ళి మంచం మీద కూర్చుని వాణ్ణే అడుగుతాను. చాదస్తం అని నవ్వుతారు, నవ్వనీ. వెనకబడ్డ చిప్‌కు కలుసుకోవడానికి తర్వాతి దెబ్బ ఒకటి ఉంటుంది. నేను ఐదు రోజులు వెనకబడ్డాను, ఆయనకు ఆరో రోజు లేదు.